ఏడు చక్రాల ఆన్‌లైన్ యోగా కోర్సు, నెల చేశాక నా రివ్యూ
క్లాస్ చెప్పే పద్ధతి బాగుంది, చక్రాలంటే యోగాలో ఒంట్లో ఉంటాయనే శక్తి కేంద్రాలు, వెన్ను అడుగున ఉండే మూలాధారం (4 రేకుల తామర, జపించే బీజాక్షరం లం) దగ్గర మొదలెట్టి కనుబొమల మధ్య ఉండే ఆజ్ఞ దాకా ఒక్కోటి తొందర లేకుండా చెప్పారు, గుండె దగ్గరి అనాహతానికి వచ్చేసరికి గాలి మెల్లగా వదులుతుంటే గుండె దడ తగ్గడం నాకే తెలిసింది, మ్యాజిక్ ఏం కాదు లెండి, ఊపిరి నిదానంగా వదిలితే మెదడు నుంచి గుండెకి వెళ్లే వేగస్ నరం గుండె స్పీడ్ తగ్గిస్తుంది. భ్రామరి (తుమ్మెదలా ఝుమ్మంటూ గాలి వదిలే ప్రాణాయామం) మాత్రం సూపర్, రాత్రిళ్లు ఆలోచనలు ఆగని నాలాంటోళ్లకి. నచ్చనిదేంటంటే చక్రాలకి ఒక్కోదానికి ఇచ్చే ఆ ఇంద్రధనుస్సు రంగులు అనాదిగా ఉన్నవే అన్నట్టు చెప్పడం, అవి 20వ శతాబ్దంలో పడమటి దేశాల్లో కలిపినవి, పాత తంత్ర గ్రంథాల్లో రంగులు వేరే. పైగా గొంతు దగ్గరి విశుద్ధ చక్రంతో థైరాయిడ్ తగ్గిపోద్దంట! మందులు ఆపకండి బాబూ. ఆడియో కూడా మధ్యమధ్యలో కట్ అవుతుంది. 3 స్టార్లు, అదీ భ్రామరి కోసమే.