క్లాసికల్, అకౌస్టిక్, ఎలక్ట్రిక్: మూడూ వాడాక నా రివ్యూ

గిటార్ నేర్చుకుంటానంటే చాలు, "ముందు అకౌస్టిక్ కొనుక్కో, చేయి తిరిగాక ఎలక్ట్రిక్ చూద్దువుగాని" అంటారు. మూడు రకాలూ కొన్నేళ్లు వాయించాక చెప్తున్నా, ఆ సలహా తప్పు. మీ చెవిలో ఏ గిటార్ శబ్దం మోగుతోందో మొదట అదే కొనండి.

నా మొదటిది డ్రెడ్‌నాట్, అంటే ఎక్కడ చూసినా కనబడే పెద్ద పొట్ట, స్టీల్ తీగల అకౌస్టిక్. ఈ ఆకారం 1916లో మార్టిన్ కంపెనీ తయారు చేసింది, పేరేమో అప్పటి భారీ యుద్ధనౌకది. పిక్‌తో, అంటే మీటే చిన్న బిళ్లతో, ఆరు తీగలూ ఒక్కసారి మీటితే గది నిండిపోతుంది, పాడుతూ కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) వాయించేవాళ్లకి దీన్ని మించింది లేదు. కానీ వేళ్లు మండిపోతాయి. ఎఫ్ కార్డ్ కోసం చూపుడు వేలు అడ్డంగా నొక్కితే వేలి మీద తీగల గీతలు దిగేవి, మొదటి తీగ మాత్రం పలికేది కాదు, టక్‌మని ఆగిపోయేది. రెండు నెలలు తప్పు నాదే అనుకున్నాను. తీరా కొలిస్తే పన్నెండో ఫ్రెట్ (నెక్, అంటే మెడ, మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ) మీద తీగ 4 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంది, ఉండాల్సింది 2, 2.5. మెడ చివర తీగలు ఆనే పట్టీ, అదే నట్‌లో గాడులు సరిచేయించి, పొట్ట మీద అవి ఆనే పట్టీ, శాడిల్, కాస్త అరగదీయించాక అదే ఎఫ్ హాయిగా పలికింది. ఏ గిటార్ కొన్నా ఈ ఎత్తు, అదే యాక్షన్, చూడకుండా తీసుకోకండి.

వేళ్లకి అన్నిటికన్నా సులువు ఎలక్ట్రిక్, అందుకే ఆ సలహా తప్పన్నాను. తీగలు సన్నం, నెక్ సన్నం. అయస్కాంతాల చుట్టూ రాగి తీగ చుట్టిన పికప్ స్టీల్ తీగ కదలికని కరెంటుగా మారుస్తుంది, మిగతా పని శబ్దం పెంచే ఆంప్‌ది. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్ రకం సింగిల్ కాయిల్ (పికప్‌లో ఒకే తీగ చుట్ట ఉండే) గిటార్లు గాజులా స్పష్టంగా మోగుతాయి, కాకపోతే వెనకాల సన్నగా గుయ్‌మంటుంటాయి. హంబకర్ అనే పికప్‌లో రెండు కాయిల్స్ ఆ గుయ్‌ని చంపేస్తాయి, శబ్దం కూడా బరువుగా వస్తుంది. ఆంప్, కేబుల్ ఖర్చు అదనం, అది ముందే లెక్కలో పెట్టుకోండి.

ఎలక్ట్రో అకౌస్టిక్ అంటే లోపల పికప్ పెట్టిన అకౌస్టిక్, అంతే. స్టేజీ ఎక్కని వాళ్లకి అవసరం లేదు.

ఇక క్లాసికల్. నైలాన్ తీగలు, మెత్తటి గుండ్రటి నాదం. ఇప్పటి రూపం చాలావరకు 19వ శతాబ్దంలో స్పెయిన్‌లో ఆంటోనియో డి టోర్రెస్ తీర్చిదిద్దిందే. వేళ్లు నొప్పి పుట్టవు గానీ నట్ దగ్గర 52 మిల్లీమీటర్ల వెడల్పు, డ్రెడ్‌నాట్‌లో సుమారు 43, చిన్న అరచేతులకి సాగదీయడం కష్టమే. ఒక షాపులో "స్టీల్ వేసుకోవచ్చు, ఇంకా గట్టిగా మోగుతుంది" అంటే నమ్మి వేయించాను. నైలాన్ సెట్ లాగుడు మొత్తం దాదాపు 40 కిలోలు, స్టీల్‌ది 70 దాటుతుంది. మూడు వారాలకి, పొట్ట మీద తీగలు కట్టే చెక్క, అదే బ్రిడ్జ్, వెనక అంచు కింద కాగితం ముక్క దూరింది, అంటే జిగురు వదిలేస్తోంది. దయచేసి ఎవరు చెప్పినా ఈ పని చేయకండి.

బ్రిడ్జ్ ఊడదీసి మళ్లీ అంటించారు, ఇప్పుడు ఆ క్లాసికల్ మీద నైలానే ఉంది. మూడూ గోడకి వరసగా ఉన్నా రోజూ పొద్దున చేతిలోకి వచ్చేది అదే.