నేలపట్టు నుంచి కోరంగి దాకా: ఫోకస్ ఎక్కడ జారుతుంది, బస ఎక్కడ చెయ్యాలి

నేలపట్టు పక్షుల కేంద్రంలో వాచ్‌టవర్ మీద పగలు పదకొండింటికి తీసిన గూడబాతు ఫొటో మెత్తగా వచ్చిందా? కెమెరాను తిట్టుకోకముందు దాన్ని వంద శాతానికి జూమ్ చేసి మూడు చోట్ల చూడండి: పక్షి కన్ను, దాని ముందున్న కొమ్మ, వెనకున్న ఆకులు. ఆకులు పదునుగా ఉండి కన్ను మసకగా ఉంటే ఫోకస్ వెనక్కి జారింది. ఈకల గీతలన్నీ ఒకే దిక్కుకు సాగినట్టుంటే షట్టర్ స్పీడు చాల్లేదు. ఫ్రేములో ఏదీ పదునుగా లేక, అంచులు నీళ్ల అడుగున కనిపించినట్టు వంకర్లు పోతే అది ఎండ సెగ. ఇంకా అనుమానం ఉంటే వరసగా పది ఫ్రేములు కొట్టి పక్కపక్కన పెట్టండి. సెగ అయితే పదీ పది రకాలుగా మెత్తగా ఉంటాయి. కెమెరా తప్పయితే చాలావరకు ఒకే చోట, ఒకే లెక్కన తప్పుతాయి.

మూడిట్లో మొదటిది మాత్రమే మెనూలో సరిచేసుకునేది. మూడోదానికి ఏ కెమెరా బాడీలోనూ మందు లేదు. దాన్ని సమయంతో, దూరంతో గెలవాలి, అంటే తెల్లవారేసరికి పక్షుల దగ్గర ఉండాలి. అందుకే నేలపట్టు నుంచి కోరంగి దాకా సాగే ఈ కోస్తా పక్షుల దారిలో ఏ ఊళ్లో దిగుతామన్నది ఏ లెన్సు తెస్తామన్నదానికి తీసిపోదు.

నేలపట్టుకీ పులికాట్‌కీ కలిపి సూళ్లూరుపేటే సరైన మకాం. నెల్లూరులో ఇంతకంటే మంచి హోటళ్లున్నాయి, భోజనమూ బాగుంటుంది. కానీ అక్కడినుంచి గంటన్నర దారి. చీకట్లో లేచి బయల్దేరినా చేరేసరికి మంచి వెలుగు సగం అయిపోతుంది. సూళ్లూరుపేట లాడ్జిలు మామూలువే, షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) పనుల మీద వచ్చేవాళ్లతో నిండుతుంటాయి. జనవరిలో ఫ్లెమింగో పండుగ జరిగే రోజుల్లో గది దొరకడమే కష్టం. గది అడిగేటప్పుడు ఏసీ గురించి కాదు, ప్లగ్ పాయింట్ల గురించి అడగండి. రాత్రికి మూడు బ్యాటరీలు చార్జింగ్ అవ్వాలి, మంచం పక్కన ఒక్క సాకెట్టుంటే తెల్లారేసరికి ఒక్కటే నిండుతుంది.

ఏసీ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి, ఈ తీరంలో ఉదయం పూట వచ్చే ఫోకస్ ఫిర్యాదుల్లో కొన్ని ఆ గదిలోనే పుడతాయి. రాత్రంతా 22 డిగ్రీల్లో చల్లబడ్డ లెన్సును పొద్దున్నే ఉప్పుగాలిలోకి తీస్తే ముందు గాజు మీద తేమ పడుతుంది. వ్యూఫైండర్‌లో బొమ్మ పాలు కలిపినట్టవుతుంది, కాంట్రాస్ట్ పోతుంది, ఫోకస్ ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉంటుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది. బ్యాగు జిప్పు పూర్తిగా మూసి, బయల్దేరడానికి గంట ముందే గది బయట వరండాలో పెట్టండి. వరండా లేకపోతే ఏసీ ఆపి కిటికీ తెరవండి. తేమ అప్పటికే పడితే లెన్సు విప్పొద్దు, మార్చొద్దు. విప్పితే అదే తేమ సెన్సర్ మీదికి చేరుతుంది. ఇరవై నిమిషాలు, అరగంట ఓపిక పడితే అదే ఆరిపోతుంది.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ తూర్పుకి పోతుంది. నీళ్లుంటే ఫ్లెమింగోలు రెండు వైపులా దిగుతాయి. చలికాలంలో సూర్యుడు ఆగ్నేయం నుంచి వస్తాడు కాబట్టి రోడ్డుకి ఉత్తరాన ఉన్న పక్షుల మీద వెలుగు బాగా పడుతుంది, ముందు అటు చూడండి. చిక్కల్లా దూరమే. మూడు వందల మీటర్ల అవతలున్న గుంపు మీద 600 ఎంఎం లెన్సు పెడితే మధ్యలో ఉన్న గాలంతా లెన్సులో భాగమే. బురదనేల వేడెక్కడం మొదలయ్యాక ఫోకస్ పడిందంటూ ఆటోఫోకస్ ఆకుపచ్చ పెట్టె చూపిస్తూనే ఉంటుంది, ఫొటో మాత్రం రాదు. ఎండ ఎక్కకముందే పని ముగించాలి, లేదా మబ్బు రోజు చూసుకోవాలి. చలి ఎక్కువున్న పొద్దున నీళ్లు గాలికంటే వెచ్చగా ఉండి తెల్లారేసరికే సెగ కనిపించడమూ ఉంది. అలాంటప్పుడు దూరపు గుంపును వదిలేసి రోడ్డు దగ్గర మేసే ఉల్లంకుల మీద పడండి.

ఇక్కడ కారే మాటు. దిగితే పక్షులు జరుగుతాయి. కానీ అద్దం దించి లోపల ఏసీ నడుపుతూ తీస్తే కిటికీ దగ్గరే చల్లగాలీ వేడిగాలీ కలిసి ఇంకో సెగ తయారవుతుంది. ఇంజనాపి, ఏసీ ఆపి, నాలుగు అద్దాలూ దించి పది నిమిషాలు ఆగాకే తియ్యండి. బోనెట్ మీదుగా అసలే తియ్యొద్దు. అద్దె కారైతే ఇంజనాపాలన్న సంగతి డ్రైవరుకు ముందే చెప్పి ఒప్పించుకోవాలి. ఎండలో ఏసీ ఆపమంటే అందరూ సంతోషించరు, వెయిటింగ్ డబ్బులు అక్కడే మాట్లాడేసుకుంటే గొడవుండదు. లెన్సు ఆనించడానికి పాత జీన్స్ కాలు కత్తిరించి కుట్టిన సంచి చాలు. సూళ్లూరుపేట కిరాణా కొట్లో రెండు కిలోల బియ్యం కొని నింపితే కిటికీ అంచు మీద లెన్సు కదలదు, తిరుగు ప్రయాణంలో ఆ బియ్యం వండుకోవచ్చు. షార్ చెక్‌పోస్టు వైపు మాత్రం కెమెరా తిప్పొద్దు.

నేలపట్టులో చిక్కు వేరు. నీళ్లలో నిలబడ్డ బారింగ్టోనియా చెట్ల మీద గూడబాతులు, నీటికాకులు, నత్తగుల్ల కొంగలు అంతస్తులుగా కూర్చుంటాయి. ఒక్క ఫ్రేములో పది కళ్లుంటే కెమెరా తనంతట తానే పక్షిని పట్టే ‘పక్షి గుర్తింపు’ ఒకదాని మీదనుంచి ఇంకోదాని మీదికి గెంతుతుంది. మొత్తం ఫ్రేము ఏరియా వదిలేసి చిన్న స్పాట్‌తో మీకు కావలసిన పక్షి మెడ దగ్గర పట్టుకుని, అక్కడినుంచి ట్రాకింగ్‌కు వదలండి. కెనాన్‌లో పక్షులకు విడిగా ఏదీ వెతకొద్దు, చాలా బాడీల్లో అవి జంతువుల కిందే ఉంటాయి. సోనీ కొత్త బాడీల్లో పక్షి విడిగా ఉంది. నికాన్ జెడ్8లో 2.00 ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) నుంచి విడిగా వచ్చింది. బాడీ కొని ఒక్కసారీ అప్‌డేట్ చెయ్యనివాళ్లకు ఆ వరస మెనూలో కనిపించదు.

ఈ దారి మొత్తంలో కెమెరాను పరీక్షించడానికి ఉప్పలపాడును మించిన చోటు లేదు. గుంటూరు పక్కనే, ఊరి చెరువు. పక్షులు దగ్గర్లో కూర్చుంటాయి, కాబట్టి సెగ లెక్కలోకి రాదు. మకాం గుంటూరులో పెట్టుకోండి. మంచి గది, నాలుగు రకాల టిఫిన్లు, పావుగంటలో చెరువు గట్టు. సౌకర్యానికి, ఫొటోకి కలిపి మార్కులేస్తే మొదటి స్థానం దీనిదే. చోటు చిన్నది, రెండు పూటల్లో అయిపోతుందన్నదొక్కటే కొరత.

దగ్గరితనం వల్ల ఇంకో పాఠం ఇక్కడే తెలుస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ బాడీ మీద 600 ఎంఎం లెన్సు, ఎపర్చర్ ఎఫ్/6.3 దగ్గర, 15 మీటర్ల దూరంలో పదునుగా ఉండే లోతు సుమారు 24 సెంటీమీటర్లు. 8 మీటర్లకొస్తే 7 సెంటీమీటర్లే. గూడబాతు ముక్కు అడుగు పొడవుంటుంది. మీవైపు తిరిగితే ముక్కు కొన మీద ఫోకస్ పడి కన్ను పోవడం ఆటోఫోకస్ లోపం కాదు, లోతు లెక్క. పక్షి పక్కకు తిరిగేదాకా ఆగండి, లేదా ఎఫ్/9కి దించండి. అదే 30 మీటర్లకు వెళ్తే లోతు 90 సెంటీమీటర్లు దాటుతుంది, ఆ గొడవే ఉండదు.

తెల్ల కంకణం పిట్ట తెల్లటి ఆకాశంలోకి లేచినప్పుడు ఫోకస్ పట్టదు. తెలుపు మీద తెలుపు, సెన్సర్‌కు పట్టుకోవడానికి గీత లేదు. ఫోకస్ పెట్టెను ఒంటి మధ్యలో కాకుండా నల్లటి మెడ మీదో, రెక్క అంచు మీదో పెట్టండి. ఫోకస్ ఒకసారి పూర్తిగా వెనక్కి పోయిందంటే బటన్ ఎంత నొక్కినా ముందుకు రాదు. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలకున్న పాత జబ్బిది: బాగా చెదిరిన బొమ్మలో పక్షి ఉన్నట్టే దానికి తెలీదు. వేలు తీసి, ఫోకస్ రింగును చేత్తో దగ్గరకు తిప్పి మళ్లీ నొక్కాలి. లేదా పక్షి ఎంత దూరంలో ఉందో అంతే దూరంలో ఉన్న గట్టు మీద పట్టి, వెంటనే పక్షి మీదికి రావాలి. లెన్సు దగ్గరి దూరాల్లో వెతక్కుండా ఆపే ఫోకస్ లిమిటర్ స్విచ్ దీనికే ఉంది. సోనీ 200-600లో 10 మీటర్ల నుంచి అనంతం, నికాన్ 180-600లో 6 మీటర్ల నుంచి, కెనాన్ ఆర్ఎఫ్ 100-500లో 3 మీటర్ల నుంచి పెట్టుకోవచ్చు. ఎగిరే పక్షులకు అది వెయ్యండి. కానీ మర్చిపోయి 5 మీటర్లలో వాలిన లకుముకిని సోనీ లెన్సుతో పట్టబోతే అస్సలు పట్టదు. ‘లెన్సు పాడైంది’ అనిపించే సందర్భాల్లో మొదట చూడాల్సింది ఈ స్విచ్చే.

ఆటపాక దగ్గర కొల్లేరు గూడబాతులకు కైకలూరే దగ్గరి ఊరు. లాడ్జిలు సాదాసీదావి. కుటుంబంతో వచ్చేవాళ్లు భీమవరంలోనో ఏలూరులోనో దిగుతారు, పొద్దున డ్రైవ్ భరించాలి. ఫొటోలే పనైతే కైకలూరులో ఒక రాత్రి సర్దుకోండి. నవంబరు నుంచి మార్చి దాకా మంచి కాలం. పడవ తిప్పే మనిషితో ముందే మాట్లాడండి: గూళ్లకు దూరం పాటించాలి, ఎండ పక్షుల వెనక నుంచి రాకుండా పడవ తిప్పాలి, తీసేటప్పుడు ఇంజనుంటే ఆపాలి. పడవ అంచు మీద లెన్సు ఆనిస్తే ఆ అదురంతా ఫొటోలోకి వస్తుంది, మోచేతులు ఒంటికి ఆనించి పట్టుకోండి. గూడబాతు పెద్దది, నెమ్మదిది. షట్టర్ స్పీడు 1/1600 చాలు, ఎగరడం నేర్చుకోవడానికి ఇంతకంటే మర్యాదైన పక్షి లేదు.

గూళ్ల కోసం నిలబెట్టిన ఇనుప స్టాండ్ల అడ్డకమ్మీల దగ్గర మాత్రం ఓ వింత జరుగుతుంది. చాలా మిర్రర్‌లెస్ సెన్సర్లలో ఫోకస్ పిక్సెళ్లు నిలువు గీతలనే బాగా చదువుతాయి. కమ్మీలూ, చిన్న నీటి అలలూ అడ్డంగా ఉంటే తడబడతాయి. కెమెరాను ఓ ముప్పై డిగ్రీలు వాల్చి నొక్కితే ఠక్కున పడుతుంది. మధ్యాహ్నం తెల్లటి ఒళ్లు మరీ వెలిగిపోయి కన్ను కనిపించకపోతే ఎక్స్‌పోజర్ 0.7 తగ్గించండి, గుర్తింపు తిరిగొస్తుంది.

కోరంగికి కాకినాడే మకాం, అందులో ఆలోచించాల్సిందేమీ లేదు. మడ చెట్ల మధ్య చెక్క వంతెన మీద నడక బాగుంటుంది, కానీ ఆదివారం జనం అడుగులకు ఆ చెక్కలు అదురుతాయి, ట్రైపాడ్ పెట్టినా లాభం లేదు. పనిదినం వెళ్లండి. పడవ పోటుపాట్లను బట్టే నడుస్తుంది, ముందురోజే ఫోన్ చేసి కనుక్కోవాలి. ఇక్కడ అడ్డొచ్చేవి కొమ్మలు. పక్షి గుర్తింపు ఆపేసి, అన్నిటికంటే చిన్న స్పాట్‌తో సందులోంచి కన్ను మీద పెట్టండి. ఒకసారి పట్టాక అడ్డమొచ్చే ఆకుకి ఫోకస్ గెంతకుండా, సోనీలో ట్రాకింగ్ సెన్సిటివిటీని 1 లేదా 2కి, కెనాన్‌లో మైనస్ వైపుకి దించండి. నికాన్‌లో లాక్-ఆన్ అంకె పెంచాలి, అక్కడ లెక్క తిరగబడి ఉంటుంది. వెలుగు తక్కువ కాబట్టి లెన్సు పొడవు పెంచే టెలికన్వర్టర్ బ్యాగులోనే ఉంచండి. 1.4 వేస్తే ఎఫ్/6.3 కాస్తా ఎఫ్/9 అవుతుంది, మడ నీడలో ఫోకస్ ఈదులాడుతుంది.

రోళ్లపాడు ఈ తీరపు దారిలోది కాదు, కర్నూలు వైపు. బట్టమేక పక్షుల పేరు మీద వచ్చిన గడ్డిభూమి, ఇప్పుడు వాటి మీద ఆశ పెట్టుకుని వెళ్లొద్దు. చలికాలం సాయంత్రాల్లో రాత్రి బసకు దిగే హారియర్ గద్దల కోసం వెళ్లాలి. గడ్డి మీదుగా తక్కువ ఎత్తులో వస్తాయి, పెద్ద ఏరియా పెడితే గడ్డి పరకలే ఫోకస్‌లో ఉంటాయి. గద్ద గడ్డికంటే పైకి లేచాకే బటన్ నొక్కండి. కర్నూలు నుంచి రానూపోనూ దారి గుర్తుంచుకుని, చీకటి పడకముందే బయటపడేలా చూసుకోండి.

ఎక్కడికెళ్లినా ఒక సెట్టింగు ఇంట్లోనే చూసుకోవాలి: ఏఎఫ్-సి (ఎడతెగని ఫోకస్) ప్రయారిటీ. నికాన్‌లో అది రిలీజ్ మీద వస్తుంది, అంటే ఫోకస్ పడినా పడకపోయినా షట్టర్ కొడుతుంది. ఇరవై ఫ్రేముల్లో ఆరే పదునుగా ఉన్నాయంటే ముందు అక్కడ చూడండి. సోనీలో బ్యాలెన్స్‌డ్ మీద ఉంచితే చాలు. 1/2000 పైన తీసేటప్పుడు అదురు తగ్గించే స్టెబిలైజర్‌ను స్పోర్ట్ మోడ్‌కో ప్యానింగ్‌కో మార్చండి. లెన్సు ముందు చవక యూవీ గాజు ఉంటే తీసేయండి, పొడవు లెన్సు మీద అదొక్కటే ఫొటోను మెత్తబరచగలదు.

ఇన్ని చేశాక కూడా అనుమానం మిగిలితే అప్పుడే సర్వీస్ సెంటర్. అంతకుముందు ఇంటి గోడకు అచ్చు పేపరు అంటించి, 10 మీటర్ల దూరంలో ట్రైపాడ్ మీద, రెండు సెకన్ల టైమరుతో, స్టెబిలైజర్ ఆపి పది ఫ్రేములు తియ్యండి. ప్రతిసారీ రింగు తిప్పి ఫోకస్ చెదరగొట్టాకే నొక్కాలి. తర్వాత జూమ్ పెట్టి చేత్తో ఫోకస్ చేసి ఇంకో రెండు. చేత్తో చేసినవీ ఆటోవీ ఒకేలా ఉంటే బాడీలో తప్పు లేదు. చేత్తో చేసినవి పదునుగా ఉండి ఆటోవి పదిలో నాలుగైదు తప్పితే ముందు లెన్సు వెనకున్న కాంటాక్టులను (లోహపు చుక్కలను) పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి మళ్లీ చెయ్యండి. ఉప్పుగాలిలో రెండు రోజులు తిరిగొచ్చిన లెన్సుకు ఇది తప్పనిసరి. లెన్సు ఫర్మ్‌వేర్, బాడీ ఫర్మ్‌వేర్ రెండూ చూడండి, వేరే కంపెనీ లెన్సయితే మరీను. చేత్తో చేసినా ఒక మూల ఎప్పుడూ మెత్తగానే ఉంటే లోపల గాజు పక్కకు జరిగింది, అది ఇంట్లో బాగుపడదు. సర్వీస్ కౌంటరు దగ్గరికి ఈ పన్నెండు ఫైళ్లూ పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్తే ‘అప్పుడప్పుడు ఫోకస్ అవ్వట్లేదండీ’ అన్న మాటకంటే తొందరగా పని జరుగుతుంది. హైదరాబాదులోనో చెన్నైలోనో అద్దెకు తీసుకునే లెన్సయితే ఇదే పరీక్షను చిన్నదిగా షాపులోనే, అడ్వాన్సు కట్టకముందే చెయ్యండి. వెనకటివాళ్లు వదిలేసిన లిమిటర్ స్విచ్ ఎటువైపుందో కూడా అక్కడే చూసుకోండి.