ఫెల్ట్ ఫెడోరానా, పనామా టోపీనా?

ఫెడోరా అంటే చుట్టూ అంచు, పైన నొక్కు ఉండే టోపీ. రోజూ పెట్టుకోవడానికి ఒక్క టోపీయే కొనాలంటే ముందు మీ ఊరి ఎండ చూసుకోండి.

వేడి: పనామాను ఈక్వడార్‌లో టోకియా ఆకుల నారతో చేత్తో అల్లుతారు, గాలి ఆడుతుంది. ఫెల్ట్ అంటే కుందేలు బొచ్చునో ఉన్నినో ఒత్తి చేసే దట్టమైన గుడ్డ, అది వెచ్చగా ఉంటుంది.

వాన: మంచి బొచ్చు ఫెల్ట్ జల్లుకు ఆగుతుంది. తడిస్తే లోపలి తోలు పట్టీని బయటికి తిప్పి నీడలో ఆరనివ్వాలి. హీటర్ దగ్గర పెడితే తోలు ముడుచుకుని టోపీ బిగుతైపోతుంది. పనామా తడిస్తే ఆకారం పోతుంది.

పగుళ్లు: పనామాకు అసలు గండం ఇదే. టోపీ ముందు వైపున్న నొక్కును వేళ్లతో పట్టి తీస్తుంటే నార అక్కడే విరుగుతుంది. అంచు పట్టుకుని తీయండి. చుట్టి పెట్టెలో పెట్టుకోవచ్చని అమ్మేవాళ్లు చెప్పే మాట పట్టించుకోకండి.

నిల్వ: ఫెల్ట్‌ను పురుగు కొరుకుతుంది, బ్రష్ తప్పదు. రెండింటినీ తలకిందులుగా పెట్టాలి.

ధర: పనామాకు నేత ఎంత సన్నమైతే అంత ఖరీదు. ఉన్ని ఫెల్ట్ చవకే, కానీ తడిస్తే కుంచించుకుపోతుంది.

విజయవాడ వేసవికి పనామా; షికాగో చలికి, జల్లులకు బొచ్చు ఫెల్ట్. బైకు మీద తిరిగేవారికి రెండూ దండగే, హెల్మెట్ చాలు.