చిన్న మాటల కోసం విక్షనరీ: ఎక్కడ అక్కరకొస్తుంది, ఎక్కడ తడబడుతుంది

ఒకే చిన్న మాట ఏ భాషలో ఏమవుతుందో చూడాలంటే, ఉచితంగా దొరికేవాటిలో ముందుగా తెరవాల్సింది ఇంగ్లీషు విక్షనరీ. 2002 డిసెంబరులో మొదలైన ఈ నిఘంటువులో పేజీ భాషకు కాదు, స్పెల్లింగుకు ఉంటుంది. రోమన్‌లో ఎమ్, ఏ అని రెండక్షరాలు కొట్టండి. హంగేరియన్‌లో ‘ఈ రోజు’, ఇటాలియన్‌లో ‘కానీ’, వియత్నామీలో ‘దయ్యం’ ఒకే పేజీలో దొరుకుతాయి. ఇంగ్లీషు అర్థం పైభాగంలో ఉంటుంది, మిగతా భాషలు అక్షరక్రమంలో కిందికి సాగుతాయి. అంత పొడవు పేజీలో వెతుక్కోవడం విసుగే. చిరునామా చివర హ్యాష్ గుర్తు పెట్టి భాష పేరు ఇంగ్లీషులో కొడితే నేరుగా అక్కడికే దిగుతారు.

స్పెల్లింగే ఆధారం కావడంతో చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. మన ‘మా’ తెలుగు లిపి పేజీలో, అరబిక్ ‘మా’ అరబిక్ లిపి పేజీలో ఉంటాయి. రోమన్ పేజీ ఒక్కటే చదివితే రెండూ కనబడవు. ‘నే’ అన్న ధ్వని సంగతీ అంతే. టర్కిష్‌లో అది ‘ఏమిటి’, గ్రీకులోనూ కొరియన్‌లోనూ ‘అవును’, జపనీస్‌లో వాక్యం చివర మన ‘కదా’ లాంటిది. ఇన్నిటినీ ధ్వనిని బట్టి ఒకచోట చేర్చే పేజీ లేదు. ఒక్కో లిపిలో విడిగా కొట్టి చూడాల్సిందే.

గొంతు ఎత్తుపల్లాలను బట్టి మాట అర్థం మారిపోయే భాషల్లో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వియత్నామీలో అక్షరం మీదా కిందా పెట్టే గుర్తును బట్టి మొదట చూసిన ‘మా’ అన్న మాటే అమ్మ, సమాధి, గుర్రం, వరినారు కూడా అవుతుంది. ప్రతి రూపానికీ వేరే పేజీ. పేజీ నెత్తిన ‘ఇవీ చూడండి’ అన్న చిన్న వరస ఉంటుంది, చాలామంది దాన్ని దాటేసి పోతారు. గుర్తులు మారిన రూపాలకు దారి అదే. రూపాలు మరీ ఎక్కువైతే వాటి జాబితా అనుబంధం పేజీలో ఉంటుంది.

ఈ నిఘంటువుకు అసలు విలువ తెచ్చేది వ్యుత్పత్తి భాగం, అంటే మాట ఎక్కణ్ణుంచి పుట్టిందో చెప్పే చోటు. తెలుగు ‘నీ’కీ, చైనీస్‌లో ‘నువ్వు’ అనే అర్థమున్న ‘నీ’కీ పోలిక చూసి చుట్టరికం కలిపేస్తుంటారు. వ్యుత్పత్తి చూస్తే ఒకటి ద్రావిడ మూలానికి, రెండోది సినో-టిబెటన్ (చైనీస్, టిబెటన్ భాషల కుటుంబం) మూలానికి పోతుంది. అది కాకతాళీయం. వియత్నామీ ‘గుర్రం’ సంగతి వేరు, అది చైనీస్ నుంచి అరువు తెచ్చుకున్న మాట. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, తేడా చెప్పేది ఆ నాలుగు వరసలే. ముందు నక్షత్రం గుర్తున్న రూపం కనిపిస్తే, అది రాతలో దొరికింది కాదని, పండితులు పోల్చి కట్టిందని గుర్తుంచుకోండి. ఒకే భాష కింద వ్యుత్పత్తి 1, 2 అని అంకెలుంటే అవి వేర్వేరు మాటలు. వాటి అర్థాలను కలిపి చదవకూడదు.

ఎవరైనా దిద్దగలిగే నిఘంటువు కాబట్టి అన్ని పేజీలూ ఒకే స్థాయిలో ఉండవు. కొన్నిచోట్ల అర్థం ఉంటుంది, వ్యుత్పత్తి ఉండదు. ఒక భాష పేరు కనబడలేదంటే ఆ భాషలో ఆ మాట లేదనుకోవద్దు, ఇంకా ఎవరూ ఎక్కించకపోయి ఉండవచ్చు. అనుమానం వస్తే చరిత్ర ట్యాబు తెరిచి, ఆ వరస ఎప్పుడు, ఏ కారణంతో మారిందో చూడండి.