అండమాన్ ప్లాన్ చేస్తున్నారా, హోటల్ కంటే ముందు ఫెర్రీ చూడండి

మొదటి బీచ్ హాలిడే అంటే మనవాళ్ళు వెంటనే గోవా అంటారు, కానీ ఇంట్లో పెద్దవాళ్ళు పిల్లలు ఉండి, పార్టీల గోల అక్కర్లేదు నీళ్ళలో హాయిగా కూర్చుంటే చాలు అనుకునేవాళ్ళకి నా ఓటు అండమాన్‌కే. మాది విశాఖ, సముద్రం మాకేం కొత్త కాదు, కానీ ఆర్కే బీచ్‌లో మోకాళ్ళు దాటి దిగితే అమ్మ ఒడ్డు నుంచి కేకలేసేది, అక్కడ దిగకూడదు కూడా, లాగేస్తుంది. నడుం లోతులో నిలబడితే కాలివేళ్ళు కనపడే సముద్రం అంటే మాత్రం నాకు అండమానే. ఈసారి మా ఆయన, పాప, అత్తయ్యగారితో వెళ్ళాం కాబట్టి అందరి కోణంలోంచీ రాస్తున్నా.

ముందు సీజన్. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా బాగుంటుంది. మే నుంచి వానలు, అక్టోబర్ నవంబర్‌లలో మళ్ళీ తుఫాన్ల భయం, వాన కంటే అసలు ఇబ్బంది ఏంటంటే సముద్రం బాలేకపోతే దీవుల మధ్య తిరిగే ఫెర్రీలు ఆపేస్తారు, ఫెర్రీ ఆగితే మీ ప్లాన్ మొత్తం ఆగినట్టే. హైదరాబాద్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్ రెండున్నర గంటలలోపే. విశాఖ నుంచి షిప్ కూడా ఉంది, కానీ ఎప్పుడో ఓసారి బయల్దేరుతుంది, రెండు రోజుల పైనే ప్రయాణం, సెలవులు లెక్కపెట్టుకుని వెళ్ళేవాళ్ళు దాని గురించి ఆలోచించకండి. ఇంకో మాట, ఫ్లైట్ దిగే రాజధాని పోర్ట్ బ్లెయిర్‌ని 2024లో శ్రీ విజయపురం అని మార్చారు, 2018లో హేవ్‌లాక్ దీవి స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ దీవి షహీద్ ద్వీప్ అయింది. టికెట్ మీద కొత్త పేరు చూసి కంగారు పడకండి, ఊళ్ళో అందరూ పాత పేర్లే అంటున్నారు.

ఇక ఫెర్రీ. పోర్ట్ బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్‌కి మక్రూజ్, నాటికా లాంటి ప్రైవేట్ బోట్లు గంటన్నర అటూఇటూగా తీసుకెళ్తాయి, ఏసీ ఉంటుంది, ఎక్కువగా లోపలే కూర్చోవాలి. గవర్నమెంట్ ఫెర్రీ చాలా చవక, రెండు గంటలు దాటుతుంది, కానీ డెక్ మీద నిలబడి గాలి పీలుస్తూ వెళ్ళొచ్చు, నాకైతే అదే నచ్చింది, ఎటొచ్చీ పర్యాటకులకి ఆ టికెట్ దొరకడం కష్టం. ప్రైవేట్ ఏసీ బోట్‌లో కిటికీ బయట అల పైకీ కిందకీ ఊగుతుంటే అత్తయ్యగారికి కడుపులో తిప్పేసింది, కాబట్టి ఎక్కడానికి గంట, రెండు గంటల ముందే కడుపులో తిప్పకుండా ఉండే అవోమిన్ మాత్ర వేసుకోండి, ఉప్మా దోసె దండిగా లాగించి ఎక్కకండి. డిసెంబర్ సెలవులకైతే ఫెర్రీ సీట్లు ముందు ఖాయం చేసుకుని, ఆ తేదీలకి తగ్గట్టు హోటల్ చూసుకోండి, చాలామంది రివర్స్‌లో చేస్తారు. తిరుగు ఫ్లైట్‌కి ముందు రాత్రి కచ్చితంగా పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండండి, పొద్దున ఫెర్రీ దిగి మధ్యాహ్నం ఫ్లైట్ ఎక్కుదాం అని ఏజెంట్ చెప్తే ఒప్పుకోవద్దు.

హేవ్‌లాక్‌లో బస దగ్గర ఒక మెలిక ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. ఎక్కువ రిసార్టులు గోవింద్‌నగర్, విజయనగర్ వైపు, అంటే తూర్పు ఒడ్డున ఉంటాయి. బీచ్ ఫ్రంట్ అని డబుల్ రేటు చెప్తారు, ఫోటోలో నీళ్ళు నీలంగా గుమ్మం దాకా ఉంటాయి. ఆటు సమయంలో చూస్తే ఆ నీళ్ళు ఎక్కడికో వెళ్ళిపోయి రాళ్ళూ పగడపు ముక్కలూ బయటపడతాయి, ఈతకి పనికిరాదు, చెప్పుల్లేకుండా నడిస్తే కాళ్ళు కోసుకుంటాయి. సూర్యోదయం మాత్రం అద్భుతం, దానికోసమైతే ఇవ్వొచ్చు. మేం రోడ్డుకి అవతల కాటేజ్ తీసుకున్నాం, సగం రేటు, రెండు నిమిషాల నడక. గీజర్ మాత్రం ఉందంటే ఉంది, కరెంట్ పోతే జనరేటర్ మోత నేరుగా మా కిటికీ కిందే, గది ఇచ్చేముందు జనరేటర్ ఎటువైపు ఉందో అడగండి, నవ్వుకున్నా పర్లేదు.

స్నానానికి రాధానగర్. జెట్టీ నుంచి పన్నెండు కిలోమీటర్ల వరకూ ఉంటుంది, స్కూటర్ అద్దెకి తీసుకుంటే సుఖం. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోనే బెస్ట్ బీచ్ అందట, ఆ బోర్డుల సంగతి పక్కన పెట్టినా ఇసుక మెత్తగా, లోతు మెల్లగా పెరుగుతుంది, అత్తయ్యగారు చీర కుచ్చిళ్ళు దోపుకుని గంట సేపు నీళ్ళలోంచి రాలేదు. అండమాన్ నీళ్ళలో మొసళ్ళున్నాయి, హెచ్చరిక బోర్డులు ఊరికే పెట్టలేదు, గార్డులు చూపించిన హద్దులోనే ఉండండి. అక్కడ సూర్యుడు మన టైమ్‌కి చాలా ముందు, చలికాలం ఐదున్నరకల్లా చీకటి పడిపోతుంది, కాబట్టి మధ్యాహ్నం భోంచేసి పడుకుంటే రోజు అయిపోయినట్టే. ఎలిఫెంట్ బీచ్‌కి బోట్‌లో వెళ్ళి స్నార్కెలింగ్ చేయొచ్చు, చేపలు బాగా కనిపిస్తాయి కానీ జనం కూడా చేపలతో సమానంగా ఉన్నారు. స్కూబా డైవింగ్‌కి ఈత రానక్కర్లేదు, ట్రైనర్ పట్టుకునే ఉంటాడు, కాకపోతే డైవ్ తర్వాత కనీసం 18 గంటలు, కుదిరితే ఒక రోజంతా ఫ్లైట్ ఎక్కకూడదు, కాబట్టి చివరి రోజుకి పెట్టుకోవద్దు.

నిజం చెప్పాలంటే నాకు హేవ్‌లాక్ కంటే నీల్ నచ్చింది. చిన్న దీవి, దేశ విభజన తర్వాత వచ్చిన బెంగాలీలు సెటిలైన ఊరు, కూరగాయల తోటలు, సైకిల్ మీద చుట్టేయొచ్చు. ఇంటివాళ్ళే నడిపే గదిలో ఉన్నాం, ఏసీ చిన్నది, చేపల కూర పెద్దది. భరత్‌పూర్ బీచ్‌లో పాప రోజంతా ఆడింది, లక్ష్మణ్‌పూర్‌లో సూర్యాస్తమయం. నేచురల్ బ్రిడ్జ్ రాతి తోరణం దగ్గరికి ఆటు సమయంలోనే నడిచి వెళ్ళగలం, టైమ్ ఎంతో ముందు రోజే ఇంటి ఓనర్‌ని అడిగి బయల్దేరండి. హేవ్‌లాక్‌లో ఒక రాత్రి తగ్గించి ఇక్కడ పెంచుకోమనే చెప్తా.

పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులార్ జైలు తప్పకుండా చూడండి, 1906లో పూర్తయింది, ఏడు వింగుల్లో ఇప్పుడు మూడే ఉన్నాయి, మన రంప తిరుగుబాటు వాళ్ళని కూడా ఇక్కడికే పంపారు. సౌండ్ అండ్ లైట్ షోకి హిందీ, ఇంగ్లీష్ టైమింగులు వేరు, చూసి టికెట్ తీసుకోండి. భాష ఇబ్బందే లేదు, 2011 లెక్కల ప్రకారం అక్కడి జనంలో దాదాపు 13 శాతం తెలుగువాళ్ళే, మా డ్రైవర్ అద్దంలో చూసి "ఏ ఊరమ్మా మీది, మాది శ్రీకాకుళం వైపే" అనగానే అత్తయ్యగారు ముందు సీటు వైపు జరిగారు, ఇక మాకు మాట్లాడే ఛాన్సే రాలేదు. అబర్దీన్ బజార్‌లో మన భోజనం దొరికే చోటు కూడా ఆయనే చూపించారు.

బారాటాంగ్ దీవి గుహల టూర్ అమ్మడానికి అందరూ చూస్తారు. తెల్లవారకముందే లేచి కాన్వాయ్‌లో జారవా ఆదివాసీల అడవి గుండా వెళ్ళాలి, అక్కడ ఆగకూడదు, ఫోటో తీయకూడదు. రూల్ మంచిదే, కానీ వెళ్ళేవాళ్ళలో సగంమంది గుహల కోసం కాదు, కిటికీలోంచి మనుషుల్ని చూద్దామని వెళ్తున్నారు, అది నాకు నచ్చలేదు, మేం మానేశాం.

నీల్‌కి వెళ్ళేముందు క్యాష్ తీసుకెళ్ళండి, నెట్ పోతే ఫోన్‌పే పోయినట్టే. పిల్లలు ఏరిన గవ్వలూ పగడపు ముక్కలూ బ్యాగ్‌లో పెట్టకండి, తీసుకెళ్ళడం నేరం, ఎయిర్‌పోర్ట్‌లో స్కానింగ్‌లో పట్టేస్తారు.