చిన్న ట్రైలర్‌కు ఏ హీటరు మేలు?

కారు వెనుక తగిలించుకుని వెళ్లే చిన్న ట్రైలర్ అంటే చక్రాల మీద నిలబెట్టిన పెట్టె. నాలుగు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, నిలబడితే తల తగలనంత ఎత్తు. లోపల పట్టే గాలి సుమారు 15 ఘనపు మీటర్లు. హీటరు కొనబోయే ప్రతివారూ అడిగే మొదటి ప్రశ్న, ఏది ఎక్కువ వేడి ఇస్తుందని. నన్నడిగితే అది చివర అడగవలసినది. గోడల మధ్య నురుగు పలకలున్న ఇంత చిన్న ట్రైలర్‌లో, బయటికన్నా లోపల 20 డిగ్రీలు ఎక్కువగా ఉంచడానికి ఒకటి, ఒకటిన్నర కిలోవాట్లు సరిపోతాయి. ఈదురుగాలి వీచే రాత్రి, కిటికీలు పాతవైతే రెండు అనుకోండి. అమ్మకానికి వచ్చే ఏ హీటరైనా దాదాపు ఆ మాత్రం ఇస్తుంది. కనుక ముందు తేల్చుకోవలసినది వేరే ఉంది. అందులో మంట ఉందా? ఉంటే ఆ మంట ఎవరి గాలి పీలుస్తోంది? వదిలిన గాలి ఎక్కడికి పోతోంది?

మంట లేనిదాంతో మొదలుపెడదాం. శిబిర స్థలంలో కరెంటు సాకెట్టు దొరుకుతుందంటే విద్యుత్ హీటరుకు సాటి వచ్చేది లేదు. పొగ లేదు, చెమ్మ లేదు, గ్యాసు బరువు లేదు. చమురు నింపిన రేడియేటరు మేలా, ఫ్యాన్‌తో ఊదే సెరామిక్ హీటరు మేలా అన్న చర్చ చాలాచోట్ల వింటాను. ఒకే వాటేజీ అయితే రెండూ ఇచ్చే వేడి ఒక్కటే. ఇందులో మాయ ఏమీ లేదు. తేడా తీరులో ఉంది. సెరామిక్‌ది ఐదు నిమిషాల్లో చలి విరుస్తుంది, కానీ రాత్రంతా ఆగుతూ మోగుతూ నిద్ర చెడగొడుతుంది. రేడియేటరు నెమ్మదిగా వేడెక్కుతుంది, నిశ్శబ్దంగా ఉంటుంది, దాని ఒళ్లు ఎర్రగా కాలదు. బరువు మాత్రం ఎక్కువ. ప్రయాణంలో కట్టిపెట్టకపోతే అదే లోపల సామాను పగలగొడుతుంది. రాత్రికి నా ఓటు 700 వాట్లకు తగ్గించిన రేడియేటరుకే. పక్కకు పడితే ఆగిపోయే మీట ఉందని ధైర్యం చెప్పుకునేవాళ్లు ఒకటి మరిచిపోతారు: చిన్న ట్రైలర్‌లో హీటరు పడిపోవడం కన్నా దుప్పటి జారి హీటరు మీద పడడమే సులువు. దానికి ఆ మీట పనిచేయదు.

విద్యుత్ హీటరుతో ప్రమాదం చాలావరకు హీటరులో కాదు, తీగలో ఉంటుంది. 1500 వాట్ల హీటరు 230 వోల్టుల మీద ఆరున్నర యాంపియర్లు లాగుతుంది. 120 వోల్టుల మీదైతే పన్నెండున్నర. గంటల తరబడి అంత కరెంటు పారితే సన్నని తీగ, వదులైన ప్లగ్గు వేడెక్కుతాయి. రీలుకు చుట్టిన పొడవాటి తీగను సగమే విప్పి వాడితే మిగిలిన చుట్టల్లో వేడి పోయే దారి లేక తొడుగు కరిగిపోతుంది. అవసరం రెండు మీటర్లే అయినా తీగంతా విప్పి పరచాలి. హీటరు వేసిన అరగంటకు ప్లగ్గును చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చేయి వెనక్కి తీసుకోవలసి వస్తే ఆ సాకెట్టును ఇక వాడకండి. కొన్ని శిబిరాల్లో సాకెట్టుకు ఆరు యాంపియర్ల హద్దు ఉంటుంది. అక్కడ హీటరు నడుస్తుండగా కెటిల్ కూడా పెడితే చీకటే.

కరెంటు సాకెట్టు లేకపోతే? ట్రైలర్ బ్యాటరీతో నడుపుదామన్న ఆశ వద్దు. 12 వోల్టుల మీద 1500 వాట్లంటే 125 యాంపియర్లు. 100 యాంపియర్-గంటల బ్యాటరీ కాగితం మీదే 48 నిమిషాలు నిలుస్తుంది; సీసపు బ్యాటరీని సగం కన్నా ఖాళీ చేయకూడదు కనుక నిజానికి అరగంట కూడా కష్టమే.

అక్కడ నుంచి అందరి చూపూ చిన్న గ్యాసు హీటరు మీదికి మళ్లుతుంది. పైన ఎర్రగా వెలిగే పలక, కింద సీసా అంత సిలిండరు. గోడకు రంధ్రం చేయనక్కరలేదు, తీగ లేదు, బ్యాటరీ లేదు. చేత్తో పట్టుకెళ్లవచ్చు. ఇంత సులువైనది కాబట్టే దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

ఇది పీల్చేది మీరు పీల్చే గాలినే, వదిలేదీ మీ గదిలోకే. రెండు కిలోవాట్ల మంట గంటకు సుమారు 150 గ్రాముల ప్రొపేన్ (సిలిండరులోని గ్యాసు) కాలుస్తుంది. ఆ 150 గ్రాములు కాలడానికి అరకిలోకు పైగా ఆక్సిజన్ కావాలి. తలుపులూ కిటికీలూ పూర్తిగా బిగించిన 15 ఘనపు మీటర్ల పెట్టెలో గంటకు కాస్త అటూ ఇటూగా ఆక్సిజన్ 21 శాతం నుంచి 18కి దిగుతుందన్నమాట. నిజమైన ట్రైలర్‌లో సందులుంటాయి, అంత వేగంగా జరగదు. కానీ చలి రాత్రి మనం చేసే మొదటి పని ఆ సందులను గుడ్డలతో మూయడమే కదా.

ఇప్పటి హీటర్లలో ఆక్సిజన్ తగ్గితే మంట ఆర్పేసే ఏర్పాటు ఉంటుంది. సుమారు 18 శాతం దగ్గర అది పనిచేస్తుంది. మంచిదే. అయితే అది చూసేది ఆక్సిజన్‌ను, కార్బన్ మోనాక్సైడ్‌ను కాదు. బర్నరులో దుమ్ము పట్టి మంట సరిగా కాలకపోతే, గదిలో ఆక్సిజన్ నిండుగా ఉండగానే ఆ విషవాయువు పుట్టవచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, వికారం, మత్తు. రోజంతా బండి నడిపి వచ్చినవాడు ఆ మూడింటినీ ప్రయాణం బడలికే అనుకుంటాడు. నిద్రపోతున్నవాడు ఏమీ అనుకోడు. మంట కనబడకుండా, పూత వేసిన పలక మీద రసాయన చర్యతో గ్యాసును కాల్చే కేటలిటిక్ రకంలో మోనాక్సైడ్ తక్కువే, ఒప్పుకుంటాను. ఆక్సిజన్ తినడంలో, నీరు వదలడంలో మాత్రం అదీ దీని తోబుట్టువే.

నీరు అన్నాను కదా. కిలో ప్రొపేన్ కాలితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. పై లెక్కన గంటకు పావు లీటరు, ఎనిమిది గంటలకు రెండు లీటర్లు. ఇద్దరు మనుషుల ఊపిరి చెమ్మ దీనికి అదనం. ఆ నీరంతా చల్లని కిటికీ మీద, పరుపు కింద, గోడ మూలల్లో చేరుతుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, చలి పోగొట్టుకోబోయి తడి పక్కలో పడుకోవడం. కిటికీ తెరిచి ఉంచమని తయారీదారులే చెబుతారు. కింద ఒక సందు, పైన ఒక సందు తెరవాలి. అప్పుడు ఆకాశాన్ని వేడి చేస్తున్నట్టు ఉంటుంది. చాలా సూచన పత్రాల్లో ఇంకో మాట కూడా ఉంటుంది: నిద్రపోయేటప్పుడు వాడకూడదు. వేడి అన్నిటికన్నా ఎక్కువ కావలసిన వేళ వాడకూడని హీటరు అది. పొద్దున్నే లేచి బట్టలు మార్చుకునే పావుగంటకు, కిటికీ తెరిచి, మెలకువగా ఉండి వాడితే అభ్యంతరం లేదు. ఆ పావుగంట కోసం నేను కొనను.

వంట పొయ్యి వెలిగించి వదిలేయడమూ ఇదే కథ, ఇంకా అధ్వానం. కుంపటి సంగతి చెప్పనే అక్కరలేదు: కిటికీ తెరిచినా సరే, బొగ్గు నిప్పులు ట్రైలర్‌లోకి రాకూడదు. చిన్న కట్టెల పొయ్యిని పొగగొట్టంతో సహా బిగించుకునేవాళ్లున్నారు, చూడముచ్చటగానే ఉంటుంది. కానీ తెల్లవారుజామున మంట తగ్గి, గొట్టం చల్లబడి, పొగ లాగే బలం తగ్గే సమయానికి మిగిలిన నిప్పులే మోనాక్సైడ్ వదులుతుంటాయి. ఆ వేళకు కాపలా కాసేవారెవరూ ఉండరు.

ఇక మంట ఉండి కూడా మన గాలి ముట్టని రకం. దీనిలో మంట మూసిన లోహపు గదిలో ఉంటుంది. ఒక గొట్టం బయటి గాలిని తెస్తుంది, ఇంకొకటి పొగను బయటికే పంపుతుంది. మన గది గాలి ఆ వేడి లోహం పైనుంచి ఫ్యాన్ తోలితే వెచ్చబడి వస్తుంది, అంతే. నీటి ఆవిరి కూడా బయటికే పోతుంది కనుక గది పొడిగా ఉంటుంది. అమెరికాలో ఎన్‌ఎఫ్‌పీఏ 1192, ఐరోపాలో (గ్యాసు హీటర్లకు) ఈఎన్ 1949 ప్రమాణాలు ట్రైలర్‌లో బిగించే ఇంధన హీటర్లు ఈ తీరున ఉండాలనే కోరతాయి. నడిరాత్రి నిద్రలో నడపదగిన మంట ఇదొక్కటే. ఇందులో రెండు దారులు: గ్యాసు, డీజిల్.

గ్యాసు దారిలో మొదటి సుఖం, పొయ్యికి వాడే సిలిండరే సరిపోవడం. 11 కిలోల సిలిండరుతో రెండు కిలోవాట్ల హీటరు పూర్తి బలంతో 70 గంటలు నడుస్తుంది. వేడి చేరాక ఆగే థర్మోస్టాట్ ఉంటే వారం రాత్రులకు మించి లాగవచ్చు. సిలిండరులో ఏముందో మాత్రం చూసుకోవాలి. బ్యూటేన్ సున్నాకు అర డిగ్రీ దిగువన మరుగుతుంది. అంటే గడ్డకట్టే చలిలో అది ద్రవంగానే కూర్చుంటుంది, హీటరుకు గ్యాసు అందదు. ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతూనే ఉంటుంది. లీకైన గ్యాసు గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు, నేల మీద పేరుకుంటుంది. అందుకే సిలిండరు బయట, లేదా నేలలో బయటికి రంధ్రమున్న అరలో ఉండాలి. పాతకాలపు పెద్ద గ్యాసు ఫర్నేసుల లోపం మరొకటి: మంట బాగానే ఉంటుంది గానీ వాటి ఫ్యాన్ ఏడెనిమిది యాంపియర్లు తాగుతుంది. రాత్రి మూడింటికి బ్యాటరీ పడిపోతుంది, దాంతో హీటరూ ఆగుతుంది. కొత్త చిన్నవాటికి ఒకటిన్నర, రెండు యాంపియర్లు చాలు.

డీజిల్ హీటరు పొదుపరి. తక్కువలో నడిస్తే గంటకు పదో వంతు లీటరు, ఎక్కువలో పావు లీటరు. ఇంధనం ఏ బంకులోనైనా దొరుకుతుంది, గ్యాసులా లీకై నేల మీద పరుచుకుని పేలే భయం లేదు. వెలిగేటప్పుడు కొన్ని నిమిషాలు పది యాంపియర్ల దాకా లాగుతుంది. తరువాత ఒకటి రెండు చాలు. కానీ దీనికి పట్టింపులు ఎక్కువ. ఆపమన్నప్పుడు అది తనంతట తాను చల్లబడాలి. మధ్యలో కరెంటు తీగ పీకేస్తే లోపలి భాగాలు కాలిపోతాయి. రోజుల తరబడి అతి తక్కువలో నడిపితే మసి పేరుకుంటుంది, అప్పుడప్పుడు గట్టిగా మండనివ్వాలి. ఎత్తైన కొండల మీద గాలి పలుచనై మసి ఇంకా పెరుగుతుంది. ఇంధన పంపు రాత్రంతా టిక్కు టిక్కుమంటుంది. మీకే కాదు, పక్కవాళ్లకూ వినబడుతుంది.

చవకగా పెట్టెలో వచ్చే డీజిల్ హీటర్లను స్వయంగా బిగించుకునేవాళ్లు పెరిగారు. వాటిలో మంటగది కన్నా నేను అనుమానంగా చూసేది పొగగొట్టాన్ని. దాని అతుకులన్నీ ట్రైలర్ నేల కిందే, బయటే ఉండాలి. లోపల ఒక్కటి కూడా ఉండకూడదు. నేలలోంచి దిగే చోట చెక్కకు తగలకుండా లోహపు పలక వేయాలి, ఆ గొట్టం కట్టెను అంటించేంత వేడెక్కుతుంది. గొట్టం నోరు గాలి తీసుకునే గొట్టం పక్కన గానీ, కిటికీ కింద గానీ, ట్రైలర్‌కు కట్టిన గుడారం లోపలికి గానీ ఉండకూడదు. ట్రైలర్ చుట్టూ గాలి రాకుండా గుడ్డ కడితే పొగ దాని కింద చిక్కుకుని నేల సందుల్లోంచి పైకి వస్తుంది. మంచు కురిసిన రాత్రి గొట్టం నోరు పూడుకుపోతుంది. ఇవి పట్టించుకోకపోతే, మూసిన మంట కూడా తెరిచిన మంటే అవుతుంది.

రెంటిలో ఏది? ఏడాదికి పది పదిహేను రాత్రులు బయట పడుకునేవారికి, పొయ్యి గ్యాసు ఎలాగూ ఉన్నవారికి గ్యాసు. వారాల తరబడి చలి ప్రాంతాల్లో తిరిగేవారికి, గొట్టాలూ మసీ చూసుకునే ఓపిక ఉన్నవారికి డీజిల్. సాకెట్టు ఉన్న రాత్రులకు ఇద్దరి దగ్గరా ఒక చిన్న విద్యుత్ హీటరు ఉంటే మేలు.

గదినంతా కాకుండా పక్కను వేడి చేయడం చాలామంది తీసిపారేసే మార్గం. 12 వోల్టుల విద్యుత్ పరుపు 50 వాట్లు తీసుకుంటుందనుకుంటే ఎనిమిది గంటలకు 33 యాంపియర్-గంటలు. మామూలు బ్యాటరీ మోయగల బరువే. వేడినీళ్ల సంచి అయితే దానికి బ్యాటరీ కూడా వద్దు. రెండు లీటర్ల నీరు 60 డిగ్రీల నుంచి 30కి చల్లారేలోపు 70 వాట్-గంటల వేడి ఇస్తుంది, ఆ పరుపు గంటన్నర పాటు ఇచ్చేంత. పడుకునే ముందు గది వెచ్చచేసుకుని, హీటరు ఆపి, పై కిటికీ వేలెడంత తెరిచి పక్కలో దూరితే ఓ మాదిరి చలికి అదే చాలు. మండనిది విషం వదలదు.

ఏది ఎంచుకున్నా అలారాలు రెండు కావాలి, ఒకటి కాదు. గ్యాసు లీకు కనిపెట్టేది నేల దగ్గర. మోనాక్సైడ్‌ది పడుకున్నప్పుడు తల ఉండే ఎత్తున. ఆ వాయువు బరువు దాదాపు గాలి బరువే. ఈఎన్ 50291-2 గుర్తు ఉన్నవి ట్రైలర్లు, పడవల కుదుపులకు తట్టుకునేలా చేసినవి. ఆ ప్రమాణం ప్రకారం పది లక్షల పాళ్లలో 300 పాళ్లుంటే మూడు నిమిషాల్లోపు మోగాలి. 50 పాళ్లుంటే గంట నుంచి గంటన్నర మధ్య. కనుక అది మోగలేదంటే గాలి శుభ్రంగా ఉందని కాదు. పరీక్ష మీట నొక్కితే తెలిసేది మోత బాగుందనే, లోపలి సెన్సరు సంగతి కాదు; దాని మీద రాసిన గడువు తీరితే మార్చాల్సిందే.

విద్యుత్ హీటరు వాడేవాళ్లు తమకు మంటే లేదు కదా, మోనాక్సైడ్ అలారం ఎందుకని అడుగుతారు. పక్క ట్రైలర్ వాళ్ల జనరేటరు మీ కిటికీ కింద నడవవచ్చు కనుక.