ఆరు శీతాకాలాల స్కీ కిట్: గుల్మర్గ్ మంచు కంటే బెంగళూరు ముసురే ఎక్కువ తినేసింది

2019 డిసెంబరులో కొన్న, మంచు మీద జారే స్కీలు, బూట్లు, బైండింగుల (బూటును స్కీకి పట్టి ఉంచి, పడ్డప్పుడు వదిలేసే బిగింపులు) గురించి ఈ సమీక్ష. 2025 మార్చి దాకా ఆరు శీతాకాలాలు కశ్మీర్‌లోని గుల్మర్గ్‌లో వాడాను. మంచు మీద తిరిగిన రోజులు 65. బెంగళూరు ఫ్లాటులో ఊరికే పడున్న రోజులు 1,800 దాటాయి. ఏది నిలిచిందో, ఏది పాడైందో తేల్చింది ఈ రెండో అంకే. విదేశీ సమీక్షలు దీని జోలికి పోవు. మనకేమో జూన్ నుంచి అక్టోబరు దాకా ముసురు, గోడలకు చెమ్మ, బీరువాలో బూజు. బ్రాండు పేర్లు రాయడం లేదు. ఆ మోడళ్లు ఇప్పుడు మారిపోయాయి కూడా.

స్కీలు 172 సెంటీమీటర్లు, నడుము (మధ్యలో సన్నగా ఉండే చోటు) వెడల్పు 96 మిల్లీమీటర్లు. బూట్లు 26.5 సైజు, 100 మిల్లీమీటర్ల వెడల్పు, ఫ్లెక్స్ (బూటు వంగకుండా ఎంత గట్టిగా ఉంటుందో చెప్పే అంకె) 100, సోల్ పొడవు 305 మిల్లీమీటర్లు.

ముందు బూట్ల సంగతి, ఎందుకంటే మిగతావన్నీ గుల్మర్గ్‌లో అద్దెకు దొరుకుతాయి గానీ కాలికి సరిపడే బూటు దొరకడం అదృష్టమే. సైజు చూసేటప్పుడు లైనర్ (లోపలి మెత్త) తీసేసి, ఖాళీ షెల్‌లో (బయటి గట్టి ప్లాస్టిక్ తొడుగు) పాదం పెట్టి, వేళ్లు ముందు గోడకు ఆనించి నిలబడాలి. మడమ వెనక ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లు ఖాళీ ఉంటే సరి. అంతకు మించితే బూటు పెద్దదన్నట్టే, రెండు జతల సాక్సులు వేసి నింపుదామనుకోవద్దు. సాక్సు ఒక్క జతే, అదీ పలచటి ఉన్నిది. నూలుది చెమట పట్టుకుని పాదాన్ని గడ్డకట్టిస్తుంది. 26, 26.5 సైజులకు మామూలుగా షెల్ ఒకటే. అరసైజు తేడా అంతా లోపలి మెత్తలోనే. చెప్పుల్లో పెరిగిన మన పాదాలు ముందు వైపు వెడల్పుగా ఉంటాయి కాబట్టి 98 వెడల్పు బూట్ల మీద మోజు వదులుకోవడం మంచిది. నాకు 100 కూడా మొదటి సీజన్లో చిటికెన వేలి పక్కన నొక్కింది. షెల్ అక్కడ వేడి చేసి ఉబ్బించాక గానీ ఆ నొప్పి పోలేదు.

ఫ్లెక్స్ అంకెను నమ్మకండి. అది కంపెనీ కంపెనీకి మారుతుంది. అసలు మోసం ఇంకోటుంది: 25 డిగ్రీల గదిలో మెత్తగా వంగిన బూటు గుల్మర్గ్ పైనున్న అఫర్వత్ కొండ మీద మైనస్ పది దాటిన చలిలో కర్రలా బిగుస్తుంది. ఇంట్లో వేసుకుని చూసి "మరీ మెత్తగా ఉందే, 120 తీసుకుందాం" అనుకునేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

బూట్లకు అసలు శత్రువు అటక. షెల్ పాలీయురెథేన్. తేమా వేడీ కలిసి ఏళ్ల తరబడి పనిచేస్తే ఈ ప్లాస్టిక్ లోలోపలే విడిపోతుంది. పాత ట్రెక్కింగ్ బూట్ల సోల్ ఉన్నట్టుండి ఊడి పొడిపొడి అయ్యేది ఇలాగే. పై అంతస్తులో అటక అంటే ఏప్రిల్లో స్లాబు కాక, జులైలో చెమ్మ. మూడో ఏడు బకిల్ రివెట్ల చుట్టూ తెల్లటి సన్నని గీతలు కనిపించాక బూట్లను పడకగదిలో మంచం కిందికి మార్చాను. గీతలు అక్కడితో ఆగాయి. దాచే పద్ధతి ఇదీ: ఇంటికి చేరిన రాత్రే లైనర్లు బయటికి లాగి, ఫ్యాను కింద రెండు రోజులు ఆరబెట్టి, మళ్లీ షెల్‌లో పెట్టి, బకిళ్లు మొదటి పన్నుకే తగిలించాలి. తెరిచి వదిలేస్తే షెల్ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోతుంది. ఒక్కో బూటులో 100 గ్రాముల సిలికా జెల్ సంచి వేసి, రెండు నెలలకోసారి రంగు చూసి, మారితే ఓవెన్లో వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. నాఫ్తలీన్ గోళీలు మాత్రం వద్దు. ఆ వాసన లైనర్ ఫోమ్‌లోంచి ఎప్పటికీ పోదు.

బూట్లు మాత్రమే కొని స్కీలు అద్దెకు తీసుకునేవాళ్లు ఒకటి గమనించాలి. ఇప్పటి బూట్లు చాలావాటికి నడవడానికి వీలైన గ్రిప్‌వాక్ సోల్ వస్తోంది. అద్దె స్కీల మీద పాత ఆల్పైన్ బైండింగ్ ఉంటే ఈ సోల్ దానికి పనికిరాదు. బిగించినప్పుడు బాగానే కూర్చున్నట్టుంటుంది, పడ్డప్పుడు మాత్రం సరిగా వదలదు. మోకాలి లిగమెంటు తెగేది అప్పుడే. బైండింగ్ మీద గ్రిప్‌వాక్ గుర్తు ఉందో లేదో చూడండి, లేదంటే సోల్ మార్చుకోగల బూటు కొనండి. అద్దె దుకాణంలో డిన్ అంకె (బైండింగ్ ఎంత బలానికి బూటును వదలాలో చెప్పేది) పెట్టేటప్పుడు బరువు ఒక్కటే అడిగి తిప్పేస్తారు. ఎత్తు, వయసు, స్కీయింగ్ తీరు, బూటు మడమ పక్కన అచ్చు వేసిన సోల్ పొడవు, ఇవన్నీ పట్టికలో చూడాల్సినవే. మడమ బైండింగ్ వెనక ఫార్వర్డ్ ప్రెషర్ (బైండింగ్ బూటును ముందుకు నొక్కే ఒత్తిడి) సూచిక గీతల మధ్యకు వచ్చిందో లేదో మీ కళ్లతో మీరే చూసుకోండి.

స్కీల విషయానికొస్తే, 96 నడుము గుల్మర్గ్‌కు బాగా కుదిరింది. గండోలా (తీగ మీద నడిచే రోప్‌వే) మొదటి దశ ఆగే కాంగ్‌డూరీ నుంచి కిందికి చదును చేసిన దారిలో కాస్త బద్ధకంగా తిరుగుతుంది గానీ రెండో దశ పైన, సుమారు 3,950 మీటర్ల దగ్గర, మోకాలి లోతు మెత్తటి మంచులో మునగదు. దెబ్బలు తిన్నది మంచు తక్కువైన ఏళ్లలో. 2024 జనవరి గుల్మర్గ్‌లో దాదాపు మంచు లేకుండానే గడిచింది. 2025లో ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలను మంచు చాలక మార్చికి జరిపారు. అలాంటప్పుడు పలచటి పొర కింద రాళ్లూ చెట్ల మొదళ్లూ కాచుకుని ఉంటాయి. బేస్‌కు (స్కీ అడుగు భాగం) పడ్డ గాట్లను పీటెక్స్ అనే ప్లాస్టిక్ కడ్డీ కాల్చి నింపుకోవచ్చు: మంట నీలంగా ఉండేలా కడ్డీని బేస్‌కు దగ్గరగా పట్టాలి, పసుపు మంటైతే మసి కలిసి నింపింది ఊడిపోతుంది. చల్లారాక ఇనప స్క్రేపరుతో చదును చేస్తే సరి. ఇనప అంచును ఆనుకుని పడ్డ గాటుకు ఇది పనికిరాదు, లోహానికి పీటెక్స్ అంటుకోదు.

తుప్పు మాత్రం పూర్తిగా మన చేతుల్లోనిదే. సాయంత్రం తడిసిన స్కీలను అలాగే సంచిలో కుక్కి మర్నాడు విమానం ఎక్కితే, బెంగళూరులో జిప్పు తీసేసరికి అంచులు కాషాయ రంగులో ఉంటాయి. చెన్నైలో అయితే ఉప్పుగాలి కూడా తోడు. పైపై తుప్పు గమ్మీ స్టోన్ అనే రబ్బరు రాయితో రెండుసార్లు రుద్దితే పోతుంది. గుంటలు పడితే ఫైలు పట్టక తప్పదు. నా స్కీల అంచుల కోణం పక్క వైపు 88 డిగ్రీలు, బేస్ వైపు 1 డిగ్రీ.

సీజన్ అయిపోయాక చేయాల్సిన పెద్ద పని మైనం. బేస్ తుడిచి, మెత్తటి వ్యాక్స్‌ను 120 డిగ్రీల దగ్గర కరిగించి, మందంగా పూసి, అంచుల మీదికి కూడా కారనిచ్చి, గీకకుండా డిసెంబరు దాకా వదిలేయాలి. బేస్ ఎండదు, అంచుకు గాలి తగలదు. ఈ పనికి బట్టల ఇస్త్రీపెట్టె వాడితే వేడి నిలకడగా ఉండదు. పొగ వచ్చిందంటే బేస్ కాలుతోందని అర్థం. ఫిబ్రవరి పొడి చలికి గట్టి వ్యాక్స్, మార్చి మధ్యాహ్నపు తడి మంచుకు మెత్తటిది.

బైండింగ్ స్ప్రింగులు వదులు చేసి దాచాలన్నది పాత మాట. నేను వదులు చేయడం మానేశాను. డిసెంబరులో మళ్లీ బిగించడం మరిచిపోతే అది ఇంకా పెద్ద ప్రమాదం. దుమ్ము పోవాలని డబ్ల్యూడీ-40 కొట్టొద్దు, లోపలి గ్రీజు కరిగిపోతుంది. తడిగుడ్డ చాలు. స్క్రూలు ఫిలిప్స్‌వి కావు, పోజిడ్రైవ్ 3. మామూలు స్క్రూడ్రైవరు పెడితే తల అరిగిపోతుంది. బెంగళూరు ఎస్పీ రోడ్డులో అడిగితే సరైన బిట్ దొరుకుతుంది.

ప్రయాణంలో లెక్క ఇలా: స్కీలు బైండింగులతో 6 కిలోలు, సంచి రెండున్నర, బూట్లు 4. దేశీయ విమానాల్లో మామూలుగా ఇచ్చే 15 కిలోల్లో స్కీ సంచి, దాంట్లోనే చుట్టిన జాకెట్టూ ప్యాంటూ సరిపోతాయి. బూట్లు చేతి సంచిలోనే. సంచి రాకపోతే స్కీలు అద్దెకు దొరుకుతాయి, మీ బూట్లు దొరకవు. తిరుగు ప్రయాణంలో శ్రీనగర్ విమానాశ్రయం బయటి గేటు దగ్గరే దిగి సామానంతా ఎక్స్‌రే చేయించాలి, పొడవాటి సంచితో అది నెమ్మదైన పని. ఇంకోటి, మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

గుల్మర్గ్ గదిలో బూట్లను బుఖారీ (గది వెచ్చబరిచే పొయ్యి) పక్కనే పెట్టకండి. లైనర్ ఫోమ్ వేడికి ముడుచుకుపోతుంది. లైనర్ విడిగా తీసి, రెండు మూడు అడుగుల దూరంలో వేలాడదీస్తే తెల్లారేసరికి ఆరుతుంది. షెల్ కూడా గదిలోనే ఉండాలి. రాత్రంతా బయట గడ్డకట్టిన షెల్‌లోకి పొద్దున కాలు దూరదు.

చివరిగా అవలాంచ్ ట్రాన్స్‌సీవర్, అంటే మంచుచరియ కింద చిక్కుకున్నవాళ్లను సిగ్నలుతో వెతికే పరికరం. అఫర్వత్ పైన గస్తీ చూసుకునే హద్దు దాటితే ఇదీ, పారా, ప్రోబూ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) లేకుండా కదలకూడదు. ఫోనును దీనికి కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. నా దానికి ఆల్కలైన్ బ్యాటరీలే వేయాలి, మీ దానికి ఏవో మాన్యువల్‌లో చూడండి. బెంగళూరు చేరగానే తీసేయకపోతే వానాకాలంలో కారి, కొసలకు చిలుము పడుతుంది. నా దానికి ఒకసారి ఆ గతి పట్టింది. రుద్దితే పనిచేసింది గానీ నమ్మకం కుదరక కొత్తది కొన్నాను. బూట్ల లైనర్లు మడమ దగ్గర బాగా అణిగిపోయాయి, వచ్చే డిసెంబరుకు అవి మార్చాలి. షెల్ ఇంకో రెండేళ్లు లాగుతుంది.